జ్ఞానదంతాలు తీశాక ఇంట్లో కోలుకోవడం: కొలతలతో రాసిన డైరీ

ఎవరికి, ఏ పరిస్థితిలో

మా అమ్మాయికి 17 ఏళ్లు, బరువు 52 కిలోలు. నాలుగు జ్ఞానదంతాలూ ఒకేసారి తీశారు. పైవి రెండూ తేలిగ్గానే వచ్చాయి. కిందవి దవడ ఎముకలో అడ్డంగా ఇరుక్కుని ఉండటంతో చిగురు కోసి, కొంత ఎముక తొలిచి, పన్నును ముక్కలు చేసి తీశారు. పూర్తిగా నిద్రపుచ్చలేదు, తిమ్మిరి సూది మాత్రమే ఇచ్చారు. ఆస్తమా, కడుపులో పుండు, కిడ్నీ సమస్య, మందుల అలర్జీ ఏవీ లేవు. కింద రాసిన మోతాదులు ఈ బరువుకీ ఈ ఆరోగ్యానికీ డాక్టర్ రాసిచ్చినవి. మీ పిల్లలకు మీ డాక్టర్ ఇచ్చిన కాగితమే చూడండి. ఇక్కడి నుంచి పద్ధతినీ పనిముట్లనూ తీసుకోండి, మోతాదుల్ని కాదు.

ఈ వయసు పిల్లల్ని "ఎలా ఉంది?" అని అడిగితే "పర్లేదు" అంటారు. నొప్పి తగ్గినప్పుడూ అదే మాట, నిద్ర పట్టనంత ఉన్నప్పుడూ అదే మాట. అందుకే ఆ ప్రశ్న మానేసి, కొలవగలిగినవన్నీ కొలిచి ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో రాశాం. నాలుగో రోజు ఆ కాగితం వల్లే ఆలస్యం కాకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగాం.

దశ 0: పన్ను తీసే ముందు రోజు

ముందు రోజు అంకెలు లేకపోతే తర్వాత వచ్చే అంకెల్ని దేనితో పోల్చుకోవాలో తెలీదు. కాబట్టి ఇవి ముందే రాసిపెట్టుకోండి.

1. నోరు ఎంత తెరుచుకుంటోంది: పై ముందుపన్ను అంచు నుంచి కింది ముందుపన్ను అంచు దాకా స్కేలుతో కొలవాలి. మాకు 46 మి.మీ. వచ్చింది. పెద్దవాళ్లలో మామూలుగా 35 నుంచి 55 మధ్య ఉంటుంది.
2. బుగ్గ కొలత: బట్టలు కొలిచే టేపుతో, నోటి మూల నుంచి చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె దాకా. ఎడమ 11.0 సెం.మీ., కుడి 10.9.
3. నొప్పి: 0 నుంచి 10 దాకా అంకె. మాట వద్దు, అంకె మాత్రమే చెప్పమన్నాం.
4. తాగినవి: మి.లీ.లలో.
5. మాత్రలు: వేసుకున్న టైమ్, ఎన్ని మి.గ్రా., 24 గంటల మొత్తం.
6. ఒంటి వేడి: ఉదయం, రాత్రి.

తాగాల్సిన దాని లక్ష్యాన్ని బరువుని బట్టి వేశాం. మొదటి 10 కిలోలకు కిలోకు 100 మి.లీ., తర్వాతి 10 కిలోలకు 50, ఆపైన ప్రతి కిలోకు 20. అంటే 1000 + 500 + 640 = 2140 మి.లీ. పాలు, సూప్, పల్చటి పెరుగు కూడా ఇందులోకే వస్తాయి.

సిద్ధం చేసుకున్న సామాను: గాజ్ (గాయం మీద పెట్టే పలచటి గుడ్డ) ప్యాకెట్, గీతలున్న కొలత గ్లాసు, చిన్నపిల్లల టూత్‌బ్రష్, చిన్న చెంచాలు, చంకలో పెట్టే థర్మామీటర్, రెండు అదనపు దిండ్లు, చిన్న టార్చ్. ఇంట్లో ఉన్న స్ట్రాలన్నీ తీసి కనపడకుండా పెట్టేశాం.

దశ 1: మొదటి 24 గంటలు

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డ కడుతుంది. కింద బయటపడిన ఎముకనీ నరాల చివరల్నీ కప్పి ఉంచేది ఆ గడ్డే. కొత్త కణజాలం దాని మీదే పుట్టుకొస్తుంది. మొదటి వారంలో చెప్పే జాగ్రత్తలన్నీ దాని కోసమే. స్ట్రాతో పీల్చినా, గట్టిగా ఉమ్మినా నోట్లో ఒత్తిడి మారి అది కదిలిపోవచ్చు. పొగ తాగితే ఇంకా ప్రమాదం. వద్దన్నవాటి లిస్టు చేతికిస్తే పిల్లలు పక్కన పడేస్తారు. ఈ ఒక్క కారణం చెబితే మిగతావి వాళ్లే ఊహించుకుంటారు. వేళ్లతో తడమకూడదని, నాలుకతో గుంటను వెతకకూడదని మేము చెప్పకముందే తనే అంది.

*రక్తం.* పొడి గాజ్ పెట్టి తీసినప్పుడు అది గడ్డకు అతుక్కుని, తీసిన చోట మళ్లీ రక్తం ఊరింది. ఆ తర్వాత ఇలా మార్చాం:

1. గాజ్‌ను శుభ్రమైన నీళ్లలో తడిపి గట్టిగా పిండాలి.
2. గుంట మీద సరిగ్గా కూర్చునేలా మందంగా మడవాలి. పలచగా ఉంటే పళ్లు కరుచుకున్నా ఒత్తిడి గుంట దాకా వెళ్లదు.
3. గడియారం చూసుకుని 30 నిమిషాలు కదలకుండా కరిచి ఉంచాలి. ఐదు నిమిషాలకోసారి తీసి చూస్తే రక్తం ఆగదు.
4. తీసేటప్పుడు పక్కకు జార్చాలి, పైకి లాగకూడదు.

సాయంత్రానికి గాజ్ మీద ఎరుపు పోయి లేత గులాబీ రంగు మిగిలింది. ఒక రోజంతా లాలాజలంలో ఆ మాత్రం రంగు ఉండటం మామూలే. ఒక చుక్క రక్తం నోటి నిండా ఉమ్మిని ఎర్రగా చేస్తుంది కాబట్టి టెన్షన్ పడే ముందు టార్చ్ వేసి గుంటను చూడండి. గట్టిగా ఒత్తి పట్టినా ఆగకుండా నోరు నిండుతుంటే మాత్రం వెంటనే ఫోన్ చేయాలి.

*తిమ్మిరి.* కింది పెదవి, గడ్డం, నాలుక, మూడింటికీ స్పర్శ ఎప్పుడు తిరిగొచ్చిందో విడివిడిగా రాశాం. కింది జ్ఞానదంతాల వేళ్లకు దగ్గరగా పెదవికీ గడ్డానికీ వెళ్లే నరం ఉంటుంది, నాలుకకు వెళ్లేది లోపలి పక్క నుంచి పోతుంది. నాలుక 4:40కి, గడ్డం 5:15కి, పెదవి 5:30కి. మర్నాటికీ స్పర్శ రాకపోతే డాక్టర్‌కు చెప్పాలి. తిమ్మిరి ఉన్నంతసేపూ వేడివి ఇవ్వలేదు, నమిలేవి ఇవ్వలేదు. పెదవిని కరుచుకున్నా ఆ సమయంలో తెలీదు.

*ఐస్.* గంట కూడా కాకముందే మా ఏర్పాటు పాడైంది. కవర్లో వేసిన ఐస్ ముక్కల మూలలు బుగ్గకు గుచ్చుకున్నాయి, నీళ్లు కారాయి, రెండు చేతులతో రెండు వైపులా పట్టుకుని తను అలసిపోయింది. ఫ్రీజర్లో గడ్డకట్టిన పచ్చి బఠానీలను రెండు పలచటి సంచుల్లో పోసి, ఒక పొడవాటి గుడ్డలో పెట్టి, గడ్డం కింద నుంచి తల మీదికి కట్టాం. బఠానీలు బుగ్గ ఆకారానికి సర్దుకుంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి. 20 నిమిషాలు పెట్టడం, 20 నిమిషాలు తీసేయడం. చర్మం తిమ్మిరిగా ఉంటే చలి కాటేసినా తెలీదు కాబట్టి మధ్యలో గుడ్డ, చేతిలో టైమర్ తప్పనిసరి.

*నొప్పి మాత్రలు.* తిమ్మిరి దిగకముందే మొదటి మాత్ర పడాలి. నొప్పి మొదలయ్యాక వేస్తే అది పనిచేసే దాకా ఓర్చుకోవాల్సి వస్తుంది. డాక్టర్ రాసింది: ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. 8 గంటలకోసారి, ఏదైనా తిన్నాకే. పారాసెటమాల్ 500 మి.గ్రా. 6 గంటలకోసారి. జ్ఞానదంతాల నొప్పికి ఐబుప్రొఫెన్ పారాసెటమాల్ కంటే బాగా పనిచేస్తుందనీ, రెండూ కలిస్తే ఇంకా మేలనీ 2013లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (చాలా పరిశోధనల్ని కలిపి చూసేది) తేల్చింది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024 మార్గదర్శకాల్లోనూ టీనేజర్ల పంటి నొప్పికి మొదటి వరుసలో ఉన్నవి ఐబుప్రొఫెన్ రకం మందులే. ఆస్పిరిన్ మాత్రం వద్దు. రక్తస్రావం పెంచుతుంది, ఈ వయసులో అరుదుగా రైస్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన జబ్బుకి దారితీయవచ్చు. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. తెలియకుండా లెక్క రెట్టింపవుతుంది కాబట్టి ఇంట్లో ఉన్నవాటిని పక్కన పెట్టేశాం.

ఎనిమిది గంటల లెక్క ఒకటి, ఆరు గంటల లెక్క ఒకటి. మధ్యాహ్నం 2కి రెండూ మొదలుపెడితే పారాసెటమాల్ వంతు అర్ధరాత్రి దాటి 2కి వచ్చింది. తను నిద్రలో ఉంది, లేపలేదు. 4 గంటలకు నొప్పి 7తో లేచింది. రెండో రోజుకి టైమ్ ఇలా జరిపాం:

1. ఐబుప్రొఫెన్: ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11.
2. పారాసెటమాల్: ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11.

రాత్రి 11కి రెండూ కలిసి పడతాయి కాబట్టి నొప్పికి గట్టి కాపు నిద్ర మొదట్లోనే ఉంటుంది. మధ్యలో లేపాల్సింది తెల్లారుజామున 5కి ఒక్కసారే. ఆ తర్వాతి రాత్రులు నొప్పితో లేవలేదు.

తల కింద మూడు దిండ్లు పెట్టి, సగం కూర్చున్నట్టు పడుకోబెట్టాం. బల్లపరుపుగా పడుకుంటే బుగ్గల్లో గుంజుడు పెరుగుతుందని తనే గమనించి చెప్పింది.

24 గంటల మొత్తం: ఐబుప్రొఫెన్ 1200 మి.గ్రా., పారాసెటమాల్ 2000 మి.గ్రా., తాగినవి 1350 మి.లీ. లక్ష్యానికి 790 తక్కువ.

దశ 2: రెండో రోజు, మూడో రోజు

వాపు మొదటి రోజు కంటే పెరుగుతుంది. 48 నుంచి 72 గంటల మధ్య అది గరిష్ఠానికి చేరుతుందని ముందే చెప్పి ఉంచితే పిల్లలు అద్దం చూసి బెదరరు. మాకు మూడో రోజు ఉదయం ఎడమ 12.2 సెం.మీ., కుడి 11.8. నోరు తెరిచే కొలత రెండో రోజు 19 మి.మీ., మూడో రోజు 17. దవడ కండరాలు బిగుసుకోవడం వల్ల అలా అవుతుంది.

నోరు ఇంతే తెరుచుకుంటే ఏమవుతుందో రెండో రోజు చెంచా పట్టుకున్నాక అర్థమైంది. రోజూ వాడే చెంచా నిండా పెరుగు తీస్తే పళ్ల మధ్య నుంచి లోపలికి పోదు. తను విసుగొచ్చి తినడమే ఆపేసింది. తాగినవి తగ్గడానికి కూడా సగం కారణం ఇదే, మామూలు గ్లాసు అంచు మందంగా ఉండి పెదాల మధ్య సరిగా కూర్చోలేదు. మార్పులు:

1. లోతు తక్కువున్న చిన్న చెంచా, సగమే నింపి.
2. పలచటి అంచున్న చిన్న కప్పు. నిండా పోస్తే 100 మి.లీ. పట్టేది ఎంచుకుంటే లెక్క కూడా సులువు, కాగితం మీద ఒక్కో కప్పుకి ఒక్కో గీత.
3. మాత్ర మింగడానికి తల వెనక్కి వాల్చితే దవడ లాగుతోంది కాబట్టి డాక్టర్‌ను అడిగి పారాసెటమాల్‌ను సిరప్‌కి మార్చాం. సిరప్‌లు రకరకాల బలాల్లో ఉంటాయి. మా సీసా మీద 5 మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంది, అంటే 500కి 10 మి.లీ. సీసా మారితే లెక్క మళ్లీ వేయాలి.

ఆ మధ్యాహ్నం నుంచి తాగినవి పెరిగాయి. రెండో రోజు మొత్తం 1900, మూడో రోజు 2150.

తిండిలో బాగా పనికొచ్చినవి: చల్లటి పెరుగు, మెదిపిన అరటిపండు, పల్చగా మెదిపిన బంగాళదుంప, మెత్తగా కలిపి వండిన గుడ్డు, గోరువెచ్చటి వడకట్టిన సూప్. పనికిరానిది గింజలున్న పండ్ల షేక్. ఒక చిన్న గింజ కుట్ల పక్కన ఇరుక్కుని గంటసేపు ఇబ్బంది పెట్టింది. తర్వాత నుంచి షేకులన్నీ వడకట్టి ఇచ్చాం. ప్రతి భోజనంలో గుడ్డో పాలో పెరుగో ఉండేలా చూడండి. పండ్ల రసంతో కడుపు నిండినట్టు అనిపిస్తుంది కానీ గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి.

*నోటి శుభ్రం.* 24 గంటలు నిండాకే ఉప్పునీళ్లు. 240 మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు, తిన్న ప్రతిసారీ. బుగ్గలు ఊదుతూ పుక్కిలించకూడదు. నీళ్లు నోట్లో పెట్టుకుని తలను అటూ ఇటూ వాల్చి, సింక్ మీదికి వంగి నోరు తెరిస్తే చాలు, అవే జారిపోతాయి. చిన్నపిల్లల బ్రష్ కొన్నందుకు ఇక్కడ చాలా లాభం వచ్చింది. 17 మి.మీ. సందులో పెద్ద బ్రష్ తల వెనక పళ్ల దాకా వెళ్లదు. గుంటల చుట్టూ వదిలి మిగతావన్నీ తోముకోగలిగింది. క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిచ్చారు. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురుగు పదార్థం దాని బలాన్ని తగ్గిస్తుంది, మధ్యలో అరగంట ఉండాలి.

మూడో రోజు నొప్పి 3కి దిగింది. తనే "తగ్గించి చూద్దాం" అంది. ఐబుప్రొఫెన్ రెండు సార్లు, పారాసెటమాల్ మూడు సార్లే ఇచ్చాం. మొత్తం 800, 1500. ఐస్ ఆపి గోరువెచ్చటి తడి గుడ్డ మొదలుపెట్టాం. 48 గంటలు దాటాక ఐస్ వల్ల లాభం పెద్దగా ఉండదు, బిగుసుకున్న కండరాలకు వెచ్చదనమే హాయి.

దశ 3: నాలుగో రోజు, తేడా వచ్చింది

కాగితం మీద నొప్పి వరుస: 7, 5, 4, 3, తర్వాత నాలుగో రోజు ఉదయం 6.

ముందు మాత్రలు తగ్గించడాన్నే అనుమానించాం. దాన్ని తేల్చడం సులువు. మళ్లీ పూర్తి మోతాదుకి వెళ్లి, రెండు మందులూ పడిన గంటన్నరకి అంకె అడిగాం. 5 అంది. రెండో రోజు ఇవే మందులు, ఇదే మోతాదు, అప్పుడు 3కి దిగింది. కాబట్టి కారణం మోతాదు కాదు. ఇంకో మూడు ప్రశ్నలు అడిగాం:

1. నొప్పి ఎక్కడ? ఎడమ కింద, అక్కడి నుంచి చెవిలోకి పోటు.
2. నోట్లో రుచి ఎలా ఉంది? చేదు, కుళ్లు వాసన.
3. టార్చ్ వేస్తే ఏం కనిపిస్తోంది? కుడి గుంటలో ముదురు ఎరుపు గడ్డ, అంచున తెల్లటి పొర. ఎడమ గుంట ఖాళీగా, అడుగున లేత రంగులో గట్టిగా ఏదో.

తెల్లటి పొరను చూసి చీము అనుకునేవాళ్లు ఎక్కువ. మానుతున్న గాయం మీద అలాంటి పొర రావడం మామూలే. అసలు చూడాల్సింది ఖాళీగా ఉన్న గుంటని. జ్వరం లేదు, చంకలో 36.9 డిగ్రీల సెల్సియస్. వాపు కూడా తగ్గుముఖంలోనే ఉంది, ఎడమ 11.9.

ఇవన్నీ ఫోన్లో చదివి వినిపిస్తే వెంటనే రమ్మన్నారు. డ్రై సాకెట్. గడ్డ నిలవక ఎముక బయటపడటం. పన్ను తీసిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో వస్తుంది, కింది జ్ఞానదంతాల్లో, అందులోనూ ఎముక తొలిచి తీసినవాటిలో ఎక్కువ. జాగ్రత్తలన్నీ పాటించినా రావచ్చని డాక్టర్ తనకే నేరుగా చెప్పారు. ఆ మాట తనకి చాలా అవసరమైంది, పొద్దున్నుంచీ తను ఏం తప్పు చేసిందో వెతుక్కుంటూ కూర్చుంది. గుంటను సెలైన్‌తో కడిగి, లవంగ నూనెలో ఉండే యూజినాల్ కలిసిన మందు పెట్టారు. గంట తిరక్కముందే అంకె 2. రెండు రోజులకు మళ్లీ వెళ్లి మందు మార్పించుకున్నాం. ఇంట్లో ఉన్న లవంగ నూనెని నేరుగా గుంటలో పోయడం వద్దు, అది కణజాలాన్ని కాలుస్తుంది.

ఆ ఉదయం కూడా తను మొదట అన్నది "పర్లేదు" అనే. అంకె అడిగాకే 6 అంది. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గి మళ్లీ పెరిగితే ఎంత చిన్న పెరుగుదలైనా ఫోన్ చేయాల్సిందే.

ఆగకుండా వెంటనే వెళ్లాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, మూడు రోజులు దాటాక కూడా పెరుగుతున్న వాపు, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, గుంట నుంచి చీము.

దశ 4: నోరు తెరిపించడం

ఆరో రోజుకి కూడా 22 మి.మీ. దగ్గరే ఉంది. వేళ్లతో లాగి తెరిచే ప్రయత్నం పనిచేయలేదు, నొప్పికి కండరం ఇంకా బిగుసుకుంది. డాక్టర్ చెప్పిన పుల్లల పద్ధతి బాగా కుదిరింది:

1. ఐస్‌క్రీమ్ పుల్లలు శుభ్రంగా కడగాలి. మావి ఒక్కోటి 2 మి.మీ. మందం.
2. ముందు పది నిమిషాలు బుగ్గ మీద వెచ్చటి తడి గుడ్డ.
3. సులువుగా పట్టినన్ని పుల్లలు దొంతరగా ముందుపళ్ల మధ్య పెట్టి నిమిషం పాటు ఉంచాలి.
4. నొప్పి 3 దాటకుండా ఇంకొకటి మధ్యలోకి దూరిస్తే దూర్చాలి. లేదంటే ఆ రోజుకి అంతే.
5. రోజుకు మూడు సార్లు, భోజనానికి ముందు.

మొదట 11 పుల్లలు. ఏడో రోజు 27 మి.మీ. దగ్గర 13. పదో రోజు 35 మి.మీ. దగ్గర 17. రెండు వారాలకు 43. ఇక్కడ తను మమ్మల్ని దగ్గరికి కూడా రానివ్వలేదు, పుల్లలు లెక్కపెట్టుకుని అంకె తనే రాసుకుంది. నొప్పి మాత్రలు అప్పటికే ఆగిపోయాయి. బుగ్గ మీద పసుపు, ఆకుపచ్చ రంగులో కమిలిన మచ్చ మెడ వైపు దిగి, వారం తిరిగేసరికి పోయింది. ఆటలు, పరుగు వారం దాకా ఆపాం, డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టింది.

దశ 5: గుంటల శుభ్రం, ఇంకా నడుస్తోంది

కరిగిపోయే కుట్లు వాటంతట అవే రాలిపోయాయి. కింది గుంటల్లో మాత్రం అన్నం మెతుకైనా చిక్కుకుంటోంది, ఉప్పునీళ్లతో రాదు. వంపు మొన ఉన్న ప్లాస్టిక్ సిరంజి ఇచ్చారు, సూది ఉండదు, 12 మి.లీ. పడుతుంది. కుడి వైపు వారం తర్వాత మొదలుపెట్టాం, ఎడమ వైపు మందు తీసేశాకే. గడ్డ గట్టిపడక ముందు వాడితే అదే కొట్టుకుపోతుంది, కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్‌ను అడగాలి.

1. గోరువెచ్చటి నీళ్లు నింపాలి.
2. మొన గుంట అంచు దగ్గర ఉంచాలి, లోపలికి గుచ్చకూడదు.
3. మెల్లగా ఒత్తాలి. బయటికొచ్చే నీళ్లు తేటగా అయ్యే దాకా.
4. రాత్రి భోజనం తర్వాత తప్పనిసరి.

మొదట్లో అద్దం ముందు మొన ఎక్కడుందో తనకు కనపడలేదు. చిన్న టార్చ్‌ని అద్దం పక్కన నిలబెట్టి, చూపుడు వేలితో బుగ్గను పక్కకు లాగి పట్టుకుంటే కుదిరింది.

మూడో వారం చివరి కాగితం: నొప్పి 0, నోరు 45 మి.మీ., బుగ్గలు 11.0, 10.9. కుడి గుంట చిగురు దాదాపు కలిసింది. ఎడమది సగం పూడింది, డ్రై సాకెట్ వచ్చినచోట ఆలస్యం అవుతుందన్నారు. లోపల ఎముక నిండటానికి కొన్ని నెలలు పడుతుంది. ఎడమ గుంట నుంచి వరుసగా కొన్ని రాత్రులు తేట నీళ్లే వచ్చే దాకా సిరంజి ఆపేది లేదు.